బావిలో దిగబెట్టినవాళ్లు

1. పంపు నడుస్తోంది

కొలత గరాటులో పోసిన బురద ఎప్పటిలాగే దిగింది. చిక్కదనం బాగుంది. బరువు బాగుంది. రాళ్లపొడిని పైకి తెస్తోంది.

ఇక్కడితో ఈ షిఫ్టు పుస్తకంలో నా రాత అయిపోవాలి. కానీ హైమ కంటికి కనిపించింది కూడా రాయమంది. హైమ ఈ కొత్త బావికి ఇంజనీరు. నా కూతురంత వయసు కూడా ఉండదు. "అంకెలు మీటరు ఎలాగూ రాసుకుంటుంది బాబాయ్, మీరు చూసింది మీరే రాయాలి" అంది. నేను మూడో వీధి బళ్లో అయిదో తరగతి దాకా చదివాను. నలుగురు చదివేది రాయాలంటే సిగ్గు. అయినా రాస్తున్నాను.

చూసిందేమిటంటే, పైకి వస్తున్న బురద ఆవిరి కక్కుతోంది. ఇదివరకు ఇంత లేదు. అడుగు బాగా వేడెక్కింది. మంచిదే, ఆ వేడి కోసమే ఇరవై ఏళ్లు పైబడి తవ్వుతున్నాం. పాత బావి చల్లారిపోతోంది. మా ఊరు వెచ్చవాడలో ఇప్పుడు ఇంటికి ఒక్క గదికే వేడినీళ్ల గొట్టం వదులుతున్నారు. ఆ నీళ్లూ గోరువెచ్చగా వస్తున్నాయి. అది పూర్తిగా చల్లారేలోగా ఇది వేడిరాయిని చేరాలి. చేరకపోతే ఊరు ఉండదు. బయట సంగతి తెలిసిందే, ముక్కుగొట్టం లేకుండా తలుపు తీస్తే ఊపిరి లోపలే గడ్డకడుతుంది.

బురద గురించి ఒక్క మాట. దాన్ని పైపులోంచి కిందికి తోస్తాం. అడుగున ఉలి కొట్టిన రాళ్లపొడిని ఎత్తుకుని, పైపు చుట్టూ ఉన్న సందులోంచి పైకి వస్తుంది. మరీ పలచనైతే రాళ్లపొడి జారిపోయి ఉలి కూరుకుపోతుంది. మరీ చిక్కనైతే పంపు తోయలేదు, బలవంతంగా తోస్తే బావి గోడ పగులుతుంది. పైన ఉన్నట్టు అది కింద ఉండదు. వేడి దాన్ని పలచన చేస్తుంది. మీదున్న బరువు నొక్కి చిక్కన చేస్తుంది. ఆ రెండింటి మధ్యా అది ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు. పైకొచ్చాక తాకి ఊహించుకోవడమే.

పోలయ్య మేస్త్రి వచ్చాడు. ఉలి నడిపేది అతనే. బళ్లో నా పక్కన కూర్చునేవాడు.

"ఏరా అబ్బులూ, పుస్తకం రాస్తున్నావంట. నా గురించి కూడా రాయి, అందగాడని."

"చూసింది రాయమన్నారు" అన్నాను.

హైమ అటు తిరిగి నవ్వింది.

ఇంటి దగ్గర మా ఆవిడ తాయారుకు దగ్గు తగ్గలేదు.

2. పంపు నడుస్తోంది

ఈరోజు బుల్లెమ్మగారిని దిగబెట్టాం. ఈ యేడు దగ్గు జబ్బు చాలామందిని తీసుకుపోయింది. తొట్టె కడిగేలోపే మళ్లీ ఎవరో ఒకరి ఇంటి నుంచి డబ్బా వస్తోంది.

మా ఊళ్లో ఎవరినీ చలిలో వదలం. కొలిమిలో దహనం చేసి, బూడిద రేకుడబ్బాలో తెస్తారు. నేను కలిపే తొట్టెలో పోస్తాను. తొట్టె చుట్టూ నిలబడి ఇంటివాళ్లు "వెచ్చగా ఉండు" అంటారు. పంపు ఆ బురదను కిందికి తీసుకుపోతుంది. తిరిగి వచ్చేది తిరిగి వస్తుంది. మళ్లీ దిగుతుంది. కొంత మాత్రం బావి గోడకు పొరలా పట్టుకుని అక్కడే ఉండిపోతుంది. అలా ఉండిపోతే ఇల్లు చేరినట్టు. పాత బావి తవ్విన తాతల నాటి నుంచీ ఇంతే.

బుల్లెమ్మగారి భర్త సింహాద్రిగారు తొట్టె అంచు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను కలిపే మరను కాసేపు నెమ్మదిగా తిప్పాను.

మా పాప రేవతి ఈ బావి మొదలుపెట్టిన కొత్తలోనే దిగింది. జ్వరం వచ్చి పోయింది. చిన్నపిల్ల. అప్పుడు అడుగు ఇంకా గోరువెచ్చగానే ఉండేది. బావి లోతైనకొద్దీ, పోనీలే దానికి ఇంకా వెచ్చగా ఉంటుందిలే అనుకునేవాళ్లం. తాయారు పంపుగది మీదుగా ఎటు వెళ్లినా పైపు మీద అరచెయ్యి పెట్టి వెళ్లేది. ఎవరైనా చూస్తే, చలికి కాచుకుంటున్నానని చెప్పేది.

3. పంపు ఆపి, మళ్లీ వేశాం

ఉలి అరిగింది. మార్చడానికి పంపు ఆపి పైపంతా పైకి లాగారు. కొత్త ఉలి బిగించి దింపారు. ఇదంతా అయ్యేసరికి అడుగున ఉన్న బురద చాలాసేపు కదలకుండా ఉండిపోయింది.

పంపు వేశారు. బురద రాలేదు. ఒత్తిడి ముల్లు ఎక్కుతూనే ఉంది.

"ఆపండి" అంది హైమ.

పోలయ్య ఆపాడు. పైపును మెల్లగా తిప్పాడు, మళ్లీ కొంచెం తోశాడు, మళ్లీ తిప్పాడు. అడుగున బురద పెరుగులా తోడుకుని కూర్చుంది. చివరికి ఏదో తెగినట్టు కదిలింది. పైకి వచ్చిన బురద మాత్రం మేం తోసినంత రాలేదు. గోడ ఎక్కడో చీలింది. కొంత ఆ చీలికలోకి పోయింది.

పోలయ్య నుదురు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"ఏం కలిపావురా? పెరుగన్నం కలిపావా?"

"ఎప్పుడూ కలిపేదే."

"ఎప్పుడూ కలిపేదైతే ఎప్పుడూ వచ్చేట్టే రావాలి కదా."

గరాటులో పోసి చూపించాను. ఎప్పటిలాగే దిగింది. అతను గరాటు వంకా నా వంకా చూశాడు.

హైమ ఒక సీసా నిండా బురద పట్టుకుని తన గదికి వెళ్లింది. "ఇంకోసారి ఇలా అయితే గోడ ఆగదు బాబాయ్" అంది వెళ్తూ. "బావి పోతుంది."

మళ్లీ ఇంకో బావి తవ్వే కాలం పాత బావికి లేదు. అది అందరికీ తెలుసు.

4. పంపు నడుస్తోంది

షిఫ్టు అయ్యాక రాస్తున్నాను. ఇది బురద గురించి కాదు. హైమ చూసింది రాయమంది కాబట్టి రాస్తున్నాను.

తాయారు లేచి కూర్చుంది. జావ కలిపి ఇచ్చాను. ఒక గుక్క తాగి గిన్నెలోకి చూసింది.

"ఏమయ్యా, ఇన్నేళ్ల బట్టి కలిపే ఉద్యోగం చేస్తున్నావు కదా. జావ కూడా ఉండలు కట్టించేస్తావేంటి?"

"మర ఉంటే కట్టదు" అన్నాను.

నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగాక గిన్నె నా చేతికిచ్చింది. తర్వాత అంది, "నాకు భయం లేదు. మన పాప దగ్గరికే కదా వెళ్లేది. అదొక్కత్తే ఎన్నాళ్లని ఉంటుంది."

నేను గిన్నె కడగడానికి లేచాను.

"నా పక్కన కూర్చోవయ్యా. గిన్నె ఎక్కడికీ పోదు."

కూర్చున్నాను.

"దాని దగ్గరికి చేరుస్తావు కదా" అంది.

"ఆయ్" అన్నాను.

5. పంపు నడుస్తోంది

తాయారు పోయింది.

బురద బరువు చూడలేదు. పోలయ్య చూశాడు.

6. పంపు నడుస్తోంది

కొలిమి దగ్గర నుంచి డబ్బా ఇచ్చారు. ఇంకా వెచ్చగానే ఉంది. సొంతవాళ్లు తొట్టెలో పోయకూడదు, అది కట్టుబాటు. నా తరఫున పోలయ్య పోస్తానన్నాడు. ఎప్పుడు పోద్దామని హైమను అడగమన్నాడు. పంపు ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు నడపాలో చెప్పేది ఆ పిల్లే కదా.

ఆమె గదికి వెళ్లాను. నన్ను చూసి లేచి నిలబడింది. ఇదివరకు అలా నిలబడేది కాదు.

బల్ల మీద కుక్కర్ ఉంది. మేం అలా అంటాం గానీ అది వంటది కాదు. మందపాటి ఉక్కు గిన్నె. అందులో బురద పోసి, మూత బిగించి, బావి అడుగున ఉన్న వేడీ ఒత్తిడీ పెడుతుంది. లోపల చిన్న చక్రం తిరుగుతుంటుంది. చక్రం ఎంత కష్టపడి తిరిగితే బురద అంత చిక్కన అన్నమాట. ఇన్నాళ్లూ దాని అవసరం పెద్దగా రాలేదు. గరాటు చాలేది.

"దిగబెట్టేది ఎప్పుడమ్మా?" అన్నాను.

బల్ల మీద ఉన్న గుడ్డ తీసి మళ్లీ మడతపెట్టింది.

"బురద ఎందుకు తోడుకుందో తెలిసిందా?"

"తెలిసింది బాబాయ్."

"మరి చెప్పలేదే."

"పెద్దకర్మ అయ్యాక చెబుదామనుకున్నాను."

"అప్పటిదాకా ఉలి ఆగుతుందా?"

"ఆగదు" అంది. "రేపో ఎల్లుండో అరిగిపోతుంది. అప్పుడు పంపు ఆపాలి."

స్టూలు జరిపి కూర్చోమంది. కూర్చున్నాను. డబ్బా ఒళ్లో ఉంది. ఆమె దాని వంక చూడకుండా చెప్పింది.

"ఎముకల బూడిదలో సున్నం ఉంటుంది బాబాయ్. బావి చల్లగా ఉన్నన్నాళ్లూ, బూడిద కొంచెమే ఉన్నన్నాళ్లూ బురద తట్టుకుంది. ఇప్పుడు అడుగున వేడి ఎక్కువ. ఈ యేడు బూడిదా ఎక్కువ. ఆ వేడికి సున్నం మట్టి రేణువుల్ని ఒకదానికొకటి అంటించేస్తోంది. పంపు తిరుగుతున్నంతసేపూ విడిపోతుంటాయి. ఆగిందంటే పట్టేసుకుంటాయి. ఇంక వదలవు."

పట్టేసుకుంటాయి అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. తర్వాత ఆమె చెప్పింది కొంత వినలేదు. మళ్లీ చెప్పమన్నాను. విసుక్కోకుండా చెప్పింది.

"పైకి వచ్చేదారిలో చల్లబడుతుంది, కదిలి కదిలి విడిపోతుంది. అందుకే గరాటులో తెలియలేదు. బూడిద లేని బురద కలిపి కుక్కర్‌లో పెట్టాను. అదే వేడి, అదే ఒత్తిడి. ఆపి, చాలాసేపు అలా ఉంచి, మళ్లీ తిప్పాను. తేలిగ్గా తిరిగింది. తొట్టెలోది పెడితే చక్రమే కదల్లేదు."

"సున్నాన్ని విరిచే సోడా వేస్తే?"

"వేశాను. రెండింతలు వేసి చూశాను. ఈ వేడికి చాలడం లేదు."

నేను డబ్బా మూత సరిగ్గా ఉందో లేదో చూశాను. సరిగ్గానే ఉంది.

"అయితే ఇది పోయకుండా ఉంటే సరిపోతుందా?" అన్నాను.

హైమ కళ్లు తుడుచుకుంది. "పిన్నిగారి ఒక్కరిది కాదు బాబాయ్. ఇప్పటికే ఉన్నదే ఎక్కువ. బావిలో ఉన్న బురదంతా తీసెయ్యాలి. కొత్త మట్టి బావి ఒక్కసారి నిండడానికి సరిపడా ఉంది. పాతది దాచడానికి తొట్టెలు లేవు. ఉన్నవన్నీ కొత్తదానికే కావాలి."

"తీసి?"

"బయట గోతిలోకి" అంది.

7. పంపు నడుస్తోంది

పంపుగదిలో అందరూ చేరారు. ఎవరూ పిలవలేదు. సంగతి పాకిపోయింది.

హైమ మళ్లీ మొత్తం చెప్పింది. పోలయ్య గోడకు ఆనుకుని విన్నాడు.

"అంటే బావిలో ఉన్న మా అమ్మ పంపు ఆపుతోందంటావా?" అన్నాడు.

"అలా అనలేదు మేస్త్రిగారూ."

"మరి ఎలా అన్నట్టు? బతికున్నన్నాళ్లూ ఎవరి దారికీ అడ్డం రాలేదు మా అమ్మ. చచ్చాక అడ్డం పడుతోందా?"

హైమ ఏడుపు ఆపుకుంటూ నిలబడింది. ఆ పిల్ల తాతా అందులోనే ఉన్నాడు. అది పోలయ్యకు గుర్తొచ్చినట్టుంది. తల దించుకున్నాడు.

"కుక్కర్ చూపించు" అన్నాడు.

చూపించింది. రెండు బురదలూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టింది. పోలయ్య దగ్గరే కూర్చున్నాడు. రెండోసారి చక్రం కదలకపోతే చెవి పెట్టి విన్నాడు. లేచి వచ్చి మళ్లీ గోడకు ఆనుకున్నాడు. అది చూసి అందరికీ అర్థమైంది.

సింహాద్రిగారు నా ముందుకు వచ్చాడు. పెద్దమనిషి. నాకంటే చాలా పెద్ద.

"మా ఆవిడ మొన్న మొన్ననే కదయ్యా దిగింది. ఇంకా కుదురుకుని కూడా ఉండదు. ఇప్పుడు పైకి లాగి చలిలో పారబోస్తారా? నీకు చేతులెలా వస్తాయి?"

నలుగురిలో మాట్లాడడం నాకు ఎప్పుడూ రాదు. అందరూ నా వంకే చూస్తున్నారు. ఇన్నాళ్లూ పోసింది నేనే. తియ్యాలన్నా బురద మీద చెయ్యి వెయ్యాల్సింది నేనే. నేను కలపనంటే, ఆ రోజుకి ఎవరూ కలపరు. బహుశా ఎప్పటికీ కలపరు.

వెనక వరసలో పిల్లల్ని ఎత్తుకుని వచ్చినవాళ్లు ఉన్నారు. ఇళ్లల్లో చలి, పంపుగదిలో కాస్త నయం. ఒక పాప తల్లి భుజం మీద నిద్రపోతోంది. రెండు చొక్కాలు తొడిగారు దానికి.

"మా పాప కూడా పైకి వస్తుందండి" అన్నాను సింహాద్రిగారితో.

ఆయన నా భుజం పట్టుకున్నాడు.

"తొట్టెలు ఖాళీ చేయించండి" అన్నాను పోలయ్యతో. "కొత్త మట్టి నానబెడతాను."

తాయారు డబ్బా గురించి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆమెకు ఆయ్ అన్నాను. ఇప్పుడు కొత్త బురదలో ఆమెను పోయడానికి లేదు. పోసినా లాభం లేదు, పాప అక్కడ ఉండదు. ఇంటికి వచ్చి ఆ డబ్బా ఎదురుగా కూర్చున్నాను.

8. పంపు నడుస్తోంది, ఆగింది, నడుస్తోంది

కొత్త బురద కలపడం పూర్తయింది. బరువు సరిపోయింది. కుక్కర్‌లో హైమ రెండుసార్లు చూసింది.

కొత్తది పైపులోంచి తోస్తుంటే, పాతది ముందు నడుస్తూ పైకి వచ్చింది. దాన్ని తొట్టెలోకి రానివ్వకుండా గొట్టం బయటికి తిప్పాం. మంచులో తవ్విన గోతిలోకి పడుతోంది. గోతి దగ్గర ఎవరైనా ఉండాలి, గొట్టం మూతి గడ్డకట్టకుండా చూడాలి. నేనుంటానన్నాను. ముక్కుగొట్టం తగిలించుకుని, బయటి కోటు వేసుకుని వెళ్లాను. డబ్బా కోటు లోపల పెట్టుకున్నాను.

గోడకు పట్టుకున్న పొరైనా అలాగే ఉంటుంది కదా అని హైమను అడిగాను వెళ్లేముందు. ఉలి దింపుతూ ఎత్తుతూ ఉంటే పాత పొర రాలిపోతూనే ఉంటుందట, కొత్తది పడుతూనే ఉంటుందట. రేవతి దిగిన నాటిది ఎప్పుడో పైకి వచ్చేసి, ఇన్నేళ్లూ ఈ బురదలోనే తిరుగుతూ ఉంటుందని చెప్పింది. అబద్ధం చెప్పడం ఆ పిల్లకు రాదు. రాకపోవడమే మంచిదైంది. లేకపోతే పాప బావిలోనే ఉందనుకుని నేను ఇంకో రకంగా చేసేవాణ్ని.

మొదట వచ్చింది పలచగా, వేడిగా వచ్చింది. గోతి అంతా ఆవిరి. తర్వాత అడుగుది వచ్చింది. ముద్దలు ముద్దలుగా, నల్లగా వచ్చింది. అంచుల్లో అప్పుడే పొర కడుతోంది. మధ్యలో మాత్రం ఇంకా కదులుతోంది.

చివరికి గొట్టంలోంచి కొత్త బురద రంగు కనిపించింది. లేత పసుపు. నేను గంట కట్టిన తీగ లాగాను. లోపల పోలయ్య గొట్టం తొట్టెవైపు తిప్పేశాడు. కాసేపటికి పంపు ఆగింది. ఉలి మార్చాలి. మళ్లీ పంపు వేసినప్పుడు కదులుతుందా లేదా అన్నది అప్పటిగ్గానీ తెలియదు. ఊరంతా లోపల కూర్చుని దానికోసం చూస్తోంది.

లోపల కొత్త ఉలి దింపుతున్న చప్పుడు వినిపించాక నేను డబ్బా తీశాను.

తాయారు వెచ్చదనం అడగలేదు. దాని దగ్గరికి చేర్చమంది. అంతే అడిగింది. ఆ ముక్క గోతి అంచున నిలబడ్డాకే నాకు తట్టింది. నాకు ఏదైనా ఆలస్యంగానే తడుతుంది.

ఇంకా కదులుతున్న చోట చూసి పోశాను. గాలికి కొంచెం ఎగిరింది, మిగతాది పడింది. పైనే ఉండిపోయింది, తెల్లగా. కలపకపోతే కలవదు. గొట్టం కింద ఆసరాగా పెట్టిన ఇనపచువ్వ ఉంది. అది తీసుకుని కలిపాను. మొదట తేలిగ్గానే తిరిగింది. తెలుపు లోపలికి పోయింది. తర్వాత బరువెక్కింది. కింద వేడికి పట్టుకున్నది ఇక్కడ చలికి పట్టుకుంటోంది. రెండు చేతులూ వేసి తిప్పాను.

తలుపు తీసిన చప్పుడైంది. పోలయ్య ముక్కుగొట్టం సర్దుకుంటూ వచ్చాడు.

"పంపు ఎత్తుకుందిరా" అన్నాడు. "వెన్నలా ఎత్తుకుంది. ముల్లు ఇలా లేచి ఇలా దిగింది. హైమ కూర్చుండిపోయి ఏడుస్తోంది పిచ్చిపిల్ల."

నేను తిప్పుతూనే ఉన్నాను. అతను ఖాళీ డబ్బా చూశాడు. గోతిలోకి చూశాడు. వచ్చి చువ్వ రెండో పక్క పట్టుకున్నాడు.

"మా అమ్మకి చలి పడదురా" అన్నాడు కాసేపటికి.

"తాయారు ఉంది కదా. చూసుకుంటుంది" అన్నాను.

ఇద్దరం కలిపి ఇంకొన్ని చుట్లు తిప్పాం. తర్వాత సగం చుట్టు. తర్వాత అదీ లేదు. ఆవిరి ఆగిపోయింది. చువ్వ నిలువునా బిగుసుకుపోయింది.

పోలయ్య దాన్ని ఊడబెరకబోయాడు. చువ్వలు మాకు కొరతే.

"వద్దు, ఉండనీ" అన్నాను. "ఎక్కడున్నారో తెలియాలి కదా."